కుంగిన మనస్సు - మహేశ్వర నిష్ఠ

షట్‌స్థలములలో రెండవదైన మహేశ్వర స్థలమునకు నిష్ఠ లక్షణమని పెద్దలు నిర్ణయించిరి. భక్తుని శ్రద్ధ గట్టిపడి నిష్ఠ యగును. పట్టిన పట్టు విడువకుండుటయే నిష్ఠ యని లోకము చెప్పుకొనును. మంచిదే. కాని పట్టుకొనుటకు చేతులలో బలమే లేని దినమున మనుష్యుడు చేయవలసినదేమి? ‘ఇంకను గట్టిగా పట్టుము’ అనుట దీనికి సమాధానము కాజాలదు.

విశాఖపట్టణమునకు చేరువనున్న పద్మనాభములో పట్టుదల యనగానే యుద్ధమే స్ఫురించును. 1794 జూలై 10వ తేదీన అచట విజయనగర ప్రభువు చిన విజయరామరాజు కుంపిణీ సేనల నెదిర్చి నేలకొరిగెను. ఆయన శౌర్యము కొనియాడదగినదే. అయితే అటుపిమ్మట జరిగినదానిని తలచువారు తక్కువ. పిన్నవాడైన కుమారుడు నారాయణబాబు కొండ జమీందారుల అండకు చేరెను. పిదప కుంపిణీతో రాజీ కుదిరి, కుదించుకుపోయిన ఎల్లలతో సంస్థానము అతనికి దక్కెను. వెనుకకు తగ్గుట, పరుల నీడన తలదాచుకొనుట, పోయినదానిలో కొంతతోనే తిరిగి మొదలిడుట - వీనిపై వీరగాథలు పుట్టవు. కాని సంస్థానము నిలిచినది వీనివలననే. పడుచు లేచుచు సంసారములు ఈదువారికి ఈ రెండవ కథయే ఎక్కువ పనికివచ్చును.

ఇంతకంటె మిక్కిలి చిన్న కష్టమునందును ఈ సంగతి కనబడును. ముచ్చటపడి తెచ్చుకొన్న కుక్కపిల్ల చెప్పులు కొరుకును, వాకిలి విడిచి వంటిల్లు తడుపును, రాత్రియంతయు ఏడ్చి ఇంటిల్లిపాదికి నిద్ర లేకుండ చేయును. పాలపండ్లు ఊడి కొత్తవి వచ్చు ప్రాయమగుటచే కొరుకునే గాని, దానికి ఎవరిపైనను పగ లేదు. ఉదయము చేసిన తప్పునకు సాయంకాలము కర్ర తీసినచో, దెబ్బకును తప్పునకును గల సంబంధము దానికి తెలియదు. యజమానిని చూచి జడియుట మాత్రము నేర్చును. మేత తినగానే, నిద్ర లేవగానే ప్రతిదినము ఒకే చోటికి తీసికొనిపోయి, పని కాగానే మెచ్చుకొనువాడు కొన్ని వారములకు ఫలము చూచును. నడుమ నొకనాడు వంటిల్లు మరల తడియును. అంతమాత్రమున నేర్చినదంతయు పోయినట్లు కాదు. బసవపురాణమున పాల్కురికి సోమనాథుడు కుక్కచే వేదములు చదివించిన శరణుని కథ చెప్పెను. అది శరణుని మహిమ; సామాన్యుల ఇండ్లలో కుక్క వాకిటికి పోయిన చాలును!

మనస్సును దారికి తెచ్చుటయు ఇట్టిదే. బసవేశ్వరుడు తన మనస్సును కొమ్మనుండి కొమ్మకు దూకు కోతితో పోల్చుకొనెను. బిజ్జలుని కొలువున అంతటి అధికారము నెరపినవానికి, తన మనస్సు తన మాట వినుట లేదని పదిమందిలో చెప్పుకొనుట చిన్నతనము కాలేదు.

అయితే చంచలమైన మనస్సు వేరు, కుంగిపోయిన మనస్సు వేరు. పంట పోయినను, పరీక్ష తప్పినను, ఆప్తులు గతించినను దుఃఖము కలుగును. సాధారణముగా కాలక్రమమున అది తగ్గును. రెండు వారములు దాటియు ఏ పనియందును ఆసక్తి లేక, నిద్రాహారములు చెడి, తానెందుకును కొరగాననెడి తలపు దినమంతయు వెంటాడుచున్నచో వైద్యుని చూడవలెను. వారు డిప్రెషన్ అనునది ఈ వ్యాధినే. దీనికి మాటలతో చేయు చికిత్సయు కలదు, మందులును కలవు. మందుల గుణము కనబడుటకు కొన్ని వారములు పట్టును. నాలుగు దినములు చూచి మానుటయు, కొంత నెమ్మదింపగానే వైద్యుని అడుగక మానుటయు తగవు. ఈ స్థితిలో వేళకు మాత్ర వేసికొనుటయే పట్టుదల.

‘లింగధారికి దిగులేమిటి? పూజలో ఏదియో లోపముండును’ అని బంధువులు అనుట కద్దు. జ్వరముతో మూలుగువానిని ఈ మాట ఎవరును అడుగరు. ఇది ధర్మబోధ కాదు, నిర్దయ. పద్మనాభము కొండపై అనంతపద్మనాభస్వామిని దర్శింపవలెనన్న వేయికి పైగా మెట్లెక్కవలెను. కార్తీక అమావాస్యనాడు ఆ మెట్ల వెంబడి దీపములు వెలుగుట కన్నుల పండువ. కాని కాళ్ళలో సత్తువ యున్నవారే పైకి పోగలరు. ఇష్టలింగము అట్లు కాదు. మంచము దిగలేనివాని యెదపైననే అది యున్నది. స్నానమునకు లేవలేక పూజ తప్పిన దినమునను అది వానిని విడిచిపోలేదు. అట్టివాని నిష్ఠకు లోటు పట్టువారు ఇష్టలింగమును శరీరముపైననే ఏల ధరింతురో ఆలోచింపవలెను.

రోగి తనకై తాను పూనుకొనలేనప్పుడు ఆ పూనిక ఇంటివారిది. చనిపోవలెనని యత్నించినవాడు తీవ్రమైన మానసిక ఒత్తిడిలో నుండెనని భావించి, శిక్షింపక, సంరక్షణ కల్పింపవలెనని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చెప్పుచున్నది. శాసనమునకున్న దయ చుట్టములకు లేకపోవుట వింత. విశాఖపట్టణమున చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల కలదు. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీమానస్ సేవకు 14416 సంఖ్యపై ఏ వేళనైనను ఫోను చేసి ఉచితముగా సలహా పొందవచ్చును. కాని సంఖ్య చెప్పి ఊరకొనినచో రోగి చేయడు. చేయలేకపోవుటయే వాని వ్యాధి. ఇంటివారే ఫోను కలిపి ప్రక్కన కూర్చుండవలెను. వైద్యశాలకు వెంట పోయి, వరుసలో నిలిచి, మరల రమ్మన్న తేదీని గోడనున్న క్యాలెండరుపై గుర్తుపెట్టి, ఆనాడును పని మానుకొని వెంట పోవుట - దాసోహమను మాటకు ఇదియు అర్థమే.