ప్రాణమిచ్చుట, ప్రాణము తీసికొనుట

మా అంగడిలో ఇరువదియారేండ్లుగా లెక్కలు వ్రాయుచున్న గుమాస్తాగారు రోమన్ కథోలిక క్రైస్తవులు. వయసులో నాకంటె రెండేండ్లు పెద్ద. మూడేండ్ల క్రిందట ఆయన చిన్న కుమారుడు తన ప్రాణమును తానే తీసికొన్నాడు. ఇరువదిమూడేండ్ల పిల్లవాడు. కొన్ని నెలలుగా మనసు చెదరి ఎవరితోను సరిగా మాట్లాడుట లేదని మాకు తరువాత తెలిసినది. బళ్ళారిలో మా వీథివారమందరము శవము వెంట నడచినాము. పాదిరిగారు వచ్చి ప్రార్థనలు చెప్పి, అందరి సమాధుల నడుమనే ఆ పిల్లవానిని పూడ్పించినారు. నా ప్రక్కన నిలిచిన ఒక వృద్ధ క్రైస్తవుడు, "మా తాతల నాడైతే ఇది జరిగేది కాదు" అని మెల్లగా అన్నాడు.

పదునైదు దినములకు గుమాస్తాగారు పనిలోనికి వచ్చినారు. ఆ రాత్రి అంగడి తలుపులు వేయబోవుచుండగా నన్నడిగినారు: "సేట్‌గారూ, మీ అమ్మగారు అన్నం నీళ్ళు మానుకొని పోయినారు. ఊరంతా వచ్చి మొక్కినారు. మా యేసుప్రభువు చంపుతారని తెలిసీ యెరూషలేముకు పోయినాడు. ఆయనకు మేము మొక్కుతాము. నా బిడ్డ ఒక్కడు చేసిందే తప్పెట్లయింది?"

నాకు జవాబు తోచలేదు. తాళము వేసి ఇంటికి వచ్చితిని. నేను పండితుడను కాను. హైస్కూలు చదువుతో గద్దె మీద కూర్చున్నవాడను. అయినను ఆ మాట నన్ను విడువలేదు. పాదిరిగారిని అడిగి కొన్ని పుస్తకములు తెచ్చి చదివితిని. మన సంచికలో పరమతమును గూర్చి వ్రాయుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని 2015 ఆగస్టులో రాజస్థాన్ హైకోర్టు మన సల్లేఖనమును ఆత్మహత్యతో సమానమని చెప్పినప్పుడు, ఆ నెలాఖరునే సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపివేయువరకు, మనమెంత కలతపడితిమో మరచినారా? ఇచ్చుటకును తీసికొనుటకును భేదమేమి అన్న ప్రశ్న ఒక్క క్రైస్తవులది కాదు.

క్రైస్తవ మతమునకు మూలమైన మాట ఒకటి ఉన్నది. ప్రాణము మనిషి సొత్తు కాదు, దేవుడిచ్చినది. పదుమూడవ శతాబ్దమున అక్వినాసు తోమా అను పండితుడు ఆత్మహత్య తప్పనుటకు చెప్పిన మూడు కారణములలో ముఖ్యమైనది ఇదే. తక్కిన రెండు, ప్రతి జీవికి తన్ను తాను కాపాడుకొను స్వభావమున్నదనుట, మనిషి తన సంఘమునకు చెందినవాడనుట. వర్తకులకు మొదటిది సులభముగా తెలియును. కమీషను మీద అమ్మిపెట్టుమని ఒకరు మన గిడ్డంగిలో సరుకు దింపిపోవుదురు. తాళము మనది, లెక్క మనది, సరుకు మాత్రము మనది కాదు. ధర పడిపోయినదనియో, కాచి కాచి విసిగితిననియో చెప్పి దానికి నిప్పు పెట్టరాదు. అయితే యజమాని పని మీద ఆ సరుకును ఖర్చు చేయవచ్చును. అంతయు పోయినను అది ద్రోహము కాదు. యజమాని పని ఏదన్న, పరుల యెడ ప్రేమ. స్నేహితుల కొరకు ప్రాణము పెట్టుటను మించిన ప్రేమ లేదని యేసు చెప్పినట్లు యోహాను సువార్తలో ఉన్నది.

ఇక్కడ నేనొక సంగతి గమనించితిని. ఆ యేసు చావును కోరినవాడు కాడు. పట్టుబడిన రాత్రి గెత్సేమనే తోటలో, వీలైనచో ఈ బాధ తనకు తప్పింపుమని ప్రార్థించినాడు. అంతకు ముందొకసారి, దేవాలయ శిఖరము నుండి దూకుము, దేవదూతలు పట్టుకొందురని సైతాను ప్రేరేపింపగా దూకనన్నాడు. ఆయన వెనుకటివారును అంతే. రెండవ శతాబ్దమున స్ముర్నా పట్టణపు బిషపు పోలికార్పు, తన్ను వెదకుచున్నారని విని, స్నేహితుల మాటపై మొదట పల్లెకు వెళ్ళి దాగినాడు; దొరికిన పిదప మాత్రము మత మును వదలక మంటలలో నిలిచినాడు. అదే కాలమున క్వింతుసు అనువాడు ఎవరును పిలువకయే ముందుకు వచ్చి, తీరా మృగములను చూడగానే బెదరి మాట మార్చినాడు. ఆ వృత్తాంతము వ్రాసినవారు, తామై వచ్చి చావునకు అప్పగించుకొనువారిని మెచ్చుకొనమని స్పష్టముగా చెప్పినారు. విగ్రహములు పగులగొట్టి చంపబడినవారిని వేదసాక్షులలో చేర్చరాదని స్పెయిను దేశమున ఎల్వీరాలో కూడిన సభ నిర్ణయించినది. చావు తెచ్చుకొనుట వేరు, చావు వచ్చినప్పుడు నిలుచుట వేరు.

ఇక మన కాలమునకు దగ్గరి కథ. 1941 జూలై చివర, పోలండులో నాజీల ఆష్విట్జ్ బందీల శిబిరమునుండి ఒకడు తప్పిపోయినాడు. అందుకు ప్రతిగా పదిమందిని ఆకలితో చంపుటకు అధికారి ఏరినాడు. వారిలో ఫ్రాన్సిషెక్ గయోవ్నిచెక్ అను సైనికుడు, అయ్యో నా భార్య, నా బిడ్డలు అని ఏడ్చినాడు. అప్పుడు మాక్సిమిలియన్ కోల్బే అను నలుబదియేడేండ్ల సన్యాసి వరుస విడిచి ముందుకు వచ్చి, ఆయనకు బదులుగా తన్ను పంపుమని అడిగినాడు. అధికారి ఒప్పుకొన్నాడు. 11వ నంబరు బ్లాకులోని నేలమాళిగలో ఆ పదిమందిని మూసివేసినారు. కోల్బే తక్కినవారిచేత ప్రార్థనలు చేయించుచు ధైర్యము చెప్పినాడు. రెండు వారములకు నలుగురు మిగిలినారు. ఆగస్టు 14న వారికి విషపు సూది వేసి చంపినారు. ఆ నలుగురిలో ఆయన ఒకడు. సైనికుడు బ్రతికి ఇల్లు చేరినాడు, కాని ఆయన కుమారులిద్దరును అప్పటికే యుద్ధములో పోయినారు. 1982 అక్టోబరు 10న పోపు రెండవ జాన్ పాల్ కోల్బేను పునీతుడని ప్రకటించినప్పుడు ఆ సైనికుడు సభలో ఉన్నాడు. తొంబదిమూడేండ్లు బ్రతికి 1995లో కన్ను మూసినాడు.

కోల్బే నోటితో అడిగి చావు తెచ్చుకొన్నాడు గదా, ఇది ఆత్మహత్య ఎందుకు కాలేదు? నేను చాలా దినములు ఆలోచించితిని. చావు తప్పదని తెలియుట భేదము కాదు. అది ఆయనకును తెలిసినదే. నాకు తోచిన పరీక్ష ఇది. మరునాడే అధికారి మనసు మార్చుకొని పదిమందిని వదలి ఉంటే కోల్బే ఏమి చేయును? సంతోషముతో బయటికి వచ్చును. ఆయన కోరినది సైనికుని బ్రతుకు. తన చావు దానికి పడిన వెల. వెల లేకయే సరుకు దక్కిన ఏ వర్తకుడు దుఃఖించును? ఆత్మహత్యకు పూనినవానికి ఆ ఘడియలో చావే సరుకు. తలుపు పగులగొట్టి కాపాడినచో తన పని చెడినదని అనుకొనును. (అట్లు కాపాడబడినవారిలో ఎందరో తరువాత మన చేయి పట్టుకొని కృతజ్ఞత చెప్పుదురు, అది వేరు సంగతి.) 2017లో పోపు ఫ్రాన్సిస్ పునీతత్వమునకు ఒక క్రొత్త మార్గమును చేర్చినారు. ప్రేమచేత, స్వేచ్ఛగా ప్రాణమర్పించి, తప్పని అకాలమరణమును స్వీకరించినవారికి అది వర్తించును.

అన్నియు ఇంత తేలికగా తేలవు. బైబిలులో సమ్సోను మందిరపు స్తంభములు పడద్రోసి శత్రువులతోపాటు తానును చచ్చెను. తానును చావవలెననియే ప్రార్థించెను. హింసల కాలమున కొందరు క్రైస్తవ స్త్రీలు మానరక్షణకై నదిలో దూకిరి. వారిని సంఘము పూజించినది. 410లో రోము నగరము గోతుల పాలైన పిదప అగస్టీను ఈ ప్రశ్ననెత్తుకొన్నాడు. చెరపబడిన స్త్రీలయందు దోషము లేదు, వారు చావనక్కరలేదని గట్టిగా చెప్పినాడు. ఇది గొప్ప మాట. కాని సమ్సోను విషయమున దేవుని రహస్యాజ్ఞ ఉన్నదనియు, ఆ స్త్రీల విషయముననట్లే ఉండవచ్చుననియు వ్రాసినాడు. ఈ జవాబు నాకు రుచింపలేదు. యజమాని చెవిలో చెప్పినాడని ప్రతి గుమాస్తాయు అనవచ్చును గదా!

ఆత్మహత్య చేసికొన్నవారి యెడ క్రైస్తవ దేశములు శతాబ్దములు కఠినముగా నడచినవి. ఇంగ్లండులో 1823 వరకు అట్టివారిని నాలుగు దారులు కలియు చోట పాతిపెట్టుచుండిరి. అక్కడ అది నేరము కాకుండ పోయినది 1961లో. ఆ వృద్ధుడు తలచుకొన్నది ఈ కాలమునే. 1992లో రోము ప్రకటించిన ధర్మోపదేశ గ్రంథము క్రియను తప్పనుచునే, తీవ్రమైన మనోవ్యాధి, భయము మనిషి బాధ్యతను తగ్గించుననియు, అట్టివారి రక్షణను గూర్చి నిరాశ పడరాదనియు, వారికై సంఘము ప్రార్థించుననియు చెప్పుచున్నది.

మా అమ్మ మాటకు వచ్చెదను. మన మతమున సరుకు యజమాని అను దేవుడు లేడు గనుక లెక్క వేరు. తత్త్వార్థసూత్రము సల్లేఖనమునకు చెప్పిన ఐదు అతిచారములలో మరణాశంస ఒకటి. చావు త్వరగా రావలెనని కోరుటయే దోషము. పూజ్యపాదాచార్యులు సర్వార్థసిద్ధిలో వర్తకునినే ఉదాహరణగా తెచ్చిరి. గిడ్డంగి కాలిపోవలెనని ఏ వర్తకుడును కోరడు, నిప్పంటుకొన్నచో ఆర్పజూచును, ఆరనిచో లోని సరుకునైనను కాపాడుకొనును. ఎనుబదియొకటవ ఏట, వైద్యులు చేయి వదలిన పిదప, గురువుల అనుమతితో మా అమ్మ చేసినది అదే. దారి వేరైనను, చావును కోరరాదనుచోట రెండు మతములును ఒకచోట నిలిచినట్లు నాకు తోచినది.

ఇదంతయు ఒకనాడు గుమాస్తాగారికి చెప్పితిని. కోల్బే కథ ఆయనకు ముందే తెలియును. చాలాసేపు ఊరకుండి, "మీ అమ్మగారికి మనసు నిలకడగా ఉండింది. మావాడికి ఆ నిలకడే లేకపోయె" అన్నారు. అవునంటిని. వాడు ఎంచుకొన్నాడని కూడ నేననలేను. లోపల నిప్పంటుకొన్న సంగతి తండ్రికి తెలియలేదు, రోజు విడిచి రోజు అంగడికి వచ్చు ఆ పిల్లవాని ముఖము చూచుచుండిన నాకును తెలియలేదు. అది చెప్పితిని.

నవంబరు 2న సమాధుల పండుగకు ఆయన సెలవడిగినారు. నేనును వెంట పోయితిని. గాలికి వత్తులు ఆరిపోవుచుండగా, ఒకరము అడ్డము పట్టి, ఒకరము వెలిగించినాము.