భీముని పంపిన తల్లి

చింతామణి తాలూకాలోని కైవారమే ఏకచక్రపురమనియు, పాండవులు మారువేషములతో తలదాచుకొనినది అచ్చటనేయనియు ఈ సీమవారి విశ్వాసము. భీమలింగేశ్వరాలయమును నేటికిని చూపుదురు. బకాసురవధ ఎరుగనివారు లేరు గాని, ఆ కథలో నా మనస్సు నిలుచునది యుద్ధముకడ కాదు, కుంతికడ. ఆశ్రయమిచ్చిన ఇంటివారు రాక్షసునికి ఆహారముగా ఎవరు పోవలెనని విలపించుచుండగా ఆమె తన కొడుకును పంపెదనని మాట యిచ్చినది. ధర్మరాజు తల్లిని నిందించెను. అందులకామె చెప్పిన సమాధానము కేవల ధైర్యవచనము కాదు; శైశవమున తన యొడినుండి జారిపడిన ఆ బిడ్డ దేహము తాకి శిల నుగ్గగుట కన్నులార చూచిన తల్లి జ్ఞాపకము.

దశరథుడు మొదట రాముని అట్లు పంపలేకపోయెను. పదునారేండ్లైన నిండని బాలుడని విశ్వామిత్రుని వేడుకొని, సేనతో తానే వచ్చెదననెను. ఆయనను తప్పుపట్టుటకు నాకు నోరు రాదు.

దశరథుని యీ సంకటము నేటి తలిదండ్రులకును కలదు. చిక్కబళ్ళాపురము, బాగేపల్లి ప్రాంతములలో ఇంట తెలుగు మాటాడి బడిలో కన్నడము చదువు పిల్లలకు సైనికవిద్య అందని ఫలము కాదు: 1963లో వెలసిన విజాపుర సైనిక పాఠశాల యున్నది, 2007 నాటి కొడగు పాఠశాల యున్నది, పి.యు.సి. పిమ్మట ఖడక్‌వాస్లాలోని జాతీయ రక్షణ అకాడమీలో మూడేండ్లు, సైన్యమున చేరువారికి డెహ్రాడూనులోని సైనిక అకాడమీలో మరియొక యేడు. 2022లో ఖడక్‌వాస్లా ద్వారము ఆడపిల్లలకును తెరువబడి, 2025 మే నెలలో పదునేడుగురు యువతులు తొలి జట్టుగా పట్టభద్రలైరి గనుక, బిడ్డను పంపు ఈ వియోగము నేడు కూతుండ్ర తలిదండ్రులదియు నైనది.

డెహ్రాడూనులో స్నాతక కవాతు ముగిసిన పిదప బిడ్డ భుజములపై నక్షత్రములు తలిదండ్రులే అలంకరింతురు. ఆ క్షణము బిడ్డ తిరిగి తమ చేతికి వచ్చినట్లు తోచవచ్చును. నాకు మాత్రము అది అసలైన అప్పగింతగా కనబడును. ఏలయన, నాటినుండి తాను నడుపు దళములోని ఇతర తల్లుల బిడ్డల ప్రాణములు ఆ భుజములమీద నుండును. కుంతియు భీముని పంపినది వేరొక యింటి బిడ్డ బ్రతుకుటకే. తండ్రి సేనతో వెంట నడచినచో ఆ భారమును మోయుట కొడుకెన్నడు నేర్చును?

కావున, బిడ్డను పంపిన తల్లులారా, తండ్రులారా, ఫోనులో మాటాడునప్పుడు శిడ్లఘట్ట సంతలో పట్టుగూళ్ళ ధర చెప్పుడు, వాన సంగతి చెప్పుడు, ఆవు ఈనిన వార్త చెప్పుడు. “ఎప్పుడొస్తావప్పా” అను ప్రశ్నను మాత్రము మొదట మీరడుగకుడు, వారే చెప్పనిండు.