ఓట్లలో ఓడిన మాట



అసైన్డ్ భూమి పోతోందని కలెక్టరాఫీసు ముందు కూర్చుంటే, "ఓట్లేసి గెలిపించారుగా, ఇక ప్రభుత్వం చెప్పింది వినండి" అంటారు. మనవాళ్ళు కొందరు "మనం బౌద్ధులం, మనకెందుకీ గొడవ? ధ్యానం చేసుకుందాం" అంటున్నారు. ఈ రెండు మాటలకీ జవాబు బాబాసాహెబ్ రాసిన 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో దొరుకుతుంది.

రోహిణీ నది నీళ్ళ కోసం శాక్యులకీ కోలియులకీ తగాదా వచ్చింది. యుద్ధం చేద్దామని సేనాపతి శాక్య సంఘంలో తీర్మానం పెట్టాడు. సిద్ధార్థుడు లేచి వద్దన్నాడు. వద్దని ఊరుకోలేదు, దారి కూడా చూపించాడు: ఇరువైపులా ఇద్దరేసి మనుషుల్ని పెడదాం, ఆ నలుగురూ ఐదో మనిషిని ఎంచుకుంటారు, అంతా కలిసి తగవు తీరుస్తారు అన్నాడు. ఓట్లలో ఓడిపోయాడు. మర్నాడు సైన్యంలో చేరమంటే చేరనన్నాడు. మీ కుటుంబాన్ని వెలేస్తాం, భూములు గుంజుకుంటాం అని బెదిరించారు. వెలి, భూమి! ఈ బెదిరింపులు మన పేటలకి కొత్తవా? ఇంటివాళ్ళకి శిక్ష పడకూడదని ఆయనే ఇల్లు విడిచాడు. మాట మాత్రం మార్చుకోలేదు.

చాలామంది కథ ఇక్కడితో ఆపేస్తారు. ఆయన వెళ్ళాక శాక్యుల్లో ఆడా మగా, పిల్లలతో సహా, యుద్ధం వద్దంటూ జెండాలు పట్టుకుని ఊరేగారు. సంఘం మళ్ళీ కూర్చుంది. మొన్న తక్కువమంది అన్న మాటే ఈసారి ఎక్కువమంది మాట అయ్యింది. కోలియులతో రాజీకి తీర్మానించారు. ఓటుకి విలువ ఉంది. కానీ ఓటు పడినంత మాత్రాన తప్పు ఒప్పైపోదు. ఆ తప్పుని దిద్దించింది వీధిలోకొచ్చిన జనం.

"మరి 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో బాబాసాహెబే సత్యాగ్రహాలు వదిలెయ్యమన్నారు కదా?" అని మీరడగొచ్చు. నిజమే, 1927లో మహద్ చెరువు దగ్గరికి జనాన్ని నడిపించిన ఆయనే అన్నారు. అయితే రాజ్యాంగ మార్గాలు తెరిచి ఉన్నప్పుడు అని అన్నారు. ఆయుధాలు లేకుండా శాంతియుతంగా గుమిగూడటం 19వ అధికరణం ఇచ్చిన హక్కు. అంటే శాంతిగా చేసే ధర్నా రాజ్యాంగం లోపలిదే. బస్సు అద్దం పగలగొడితే మనం ఆ దారి తప్పినట్టు. అర్జీ తీసుకోకుండా గేటు మూస్తే వాళ్ళు ఆ దారి మూసినట్టు. ఆయనైతే 1951లో మంత్రి పదవే వదులుకుని తన అసమ్మతి చెప్పారు.

చివరగా ఒకటి అడుగుతాను, కోపగించుకోవద్దు. ప్రభుత్వాన్ని ప్రశ్నించే హక్కు కావాలంటున్న మనం, మన విహార కమిటీలో ఒక అక్క లేచి లెక్కలు అడిగితే ఏం చేస్తున్నాం? "సంఘం పరువు" అని కూర్చోబెడుతున్నాం. అప్పుడు మనం సిద్ధార్థుడి పక్కనున్నామా, సేనాపతి పక్కనున్నామా?

వచ్చే పౌర్ణమి సమావేశంలో, వద్దన్నవాళ్ళ మాట చివరిదాకా వినండి. తర్వాతే చెయ్యెత్తండి.

నమో బుద్ధాయ.