బండి ఆలస్యం, వరుసలో వంతు

 

దైవప్రవక్త (స) వెంట బయలుదేరిన బృందం ఒకసారి దారి మధ్యలో ఆగిపోయింది. ఆపింది శత్రువు కాదు, ఇసుక తుఫాను కాదు. విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ ఆయిషా (రజి) హారం ఒకటి ఎక్కడో జారి పడిపోయింది. అది ఆమె సొంతం కూడా కాదు, అక్క హజ్రత్ అస్మా (రజి) దగ్గర అడిగి తెచ్చుకున్నది. దాన్ని వెదకడానికి ప్రవక్త (స) ఆగారు. ఆయనతోపాటు జనమంతా ఆగారు. అక్కడ బావి లేదు, జనం తోలుసంచుల్లోనూ నీళ్లు లేవు. కొందరు హజ్రత్ అబూబకర్ (రజి) దగ్గరికి వెళ్లి, మీ అమ్మాయి మూలంగా ఇంతమందిమి నీళ్లులేని చోట చిక్కుకుపోయామని ఫిర్యాదు చేశారు. ఆయన వచ్చి కూతుర్ని గట్టిగా మందలించారు, చేత్తో పక్కలో పొడిచారు కూడా. ఆమె మాత్రం కదలలేదు. ఎందుకంటే ఆమె ఒడిలో తల పెట్టుకొని ప్రవక్త (స) నిద్రిస్తున్నారు.

తెల్లవారింది. వుజూకు నీళ్లు లేవు. ఆ సమయంలోనే తయమ్ముమ్ ఆయత్ అవతరించింది. నీళ్లు దొరకనివారు పరిశుభ్రమైన మట్టితో శుద్ధి పొందవచ్చన్న సౌలభ్యం ప్రళయదినం వరకూ వచ్చే ముస్లిములందరికీ లభించింది. అబూబకర్ కుటుంబం వల్ల మనకు అందిన శుభాల్లో ఇది మొదటిది కాదని హజ్రత్ ఉసైద్ బిన్ హుజైర్ (రజి) సంతోషంతో అన్నారు. ఇక బయలుదేరుదామని ఒంటెను లేపితే, హారం దాని కిందే ఉంది! ఈ సంఘటన బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది.

ఇందులో మన దృష్టి సాధారణంగా తయమ్ముమ్ ఆదేశం మీదే నిలుస్తుంది. ఫిర్యాదు చేసినవారిని కూడా ఒకసారి గమనించండి. వారు కూడా ప్రవక్త (స) వెంట నడిచినవారే. ప్రయాణపు అలసట, దాహం, నమాజు ఏమవుతుందోనన్న ఆందోళన వారి నోట ఆ మాట పలికించాయి. ప్రయాణం ఒక విధమైన యాతన అనీ, అది మనిషిని తిండికీ నీళ్లకూ నిద్రకూ దూరం చేస్తుందనీ, పని ముగియగానే త్వరగా ఇంటికి చేరుకోవాలనీ ప్రవక్త (స) స్వయంగా బోధించారు. అంటే ఆలస్యం కష్టం కాదని ఇస్లాం ఎక్కడా చెప్పలేదు. ఆ కష్టంలో మన నోరు, చెయ్యి, మోచెయ్యి ఎలా ఉండాలన్నదే చెప్పింది.

2025 డిసెంబరులో దేశమంతటా విమానాలు రోజుల తరబడి రద్దయ్యాయి. పైలట్ల విశ్రాంతి వేళలకు సంబంధించిన కొత్త నిబంధనలకు తగినంత మంది సిబ్బందిని ఒక పెద్ద సంస్థ సిద్ధం చేసుకోకపోవడం అందుకు ముఖ్య కారణం. పెళ్లికి వెళ్లేవారు, జనాజాకు వెళ్లేవారు, వీసా గడువు దగ్గర పడినవారు విమానాశ్రయాల నేల మీద పడుకున్నారు. వారి ఆవేదన న్యాయమైనదే. కాని ఆ ఆవేదన ఎక్కువగా ఎవరి మీద కురుస్తుంది? కౌంటర్ దగ్గర నిలబడిన ఇరవై రెండేళ్ల అమ్మాయి మీద. ఆ నిర్ణయాలు చేసింది ఆమె కాదు, ఆమెకు తెలిసింది కూడా మనకు తెలిసినంతే. ఒకరి తప్పుకు మరొకరిని దూషించడం జుల్మ్. గడ్డం, టోపీతో ఉన్న మనిషి ఆ పని చేస్తే చూసేవారు అతని పేరు అడగరు, అతని మతాన్ని గుర్తుపెట్టుకుంటారు.

అలాగని హక్కు వదులుకోమని మేము అనడం లేదు. సబ్ర్ అంటే నోరు మూసుకొని నష్టపోవడం అని కొందరు అనుకుంటారు. అది సరికాదు. రైలు మనం ఎక్కే స్టేషన్‌కు మూడు గంటలకు మించి ఆలస్యంగా వస్తుంటే, మనం ప్రయాణం మానుకుంటే, బండి అక్కడి నుంచి కదలక ముందే టి.డి.ఆర్. దాఖలు చేసి టికెట్టు డబ్బు పూర్తిగా కోరవచ్చు. విమానం రద్దయితే డబ్బు వాపసు గాని, మరో విమానంలో సీటు గాని అడగవచ్చు. అప్పిచ్చినవాడు మృదువుగా వసూలు చేసుకోవాలని ధర్మం నేర్పింది. మృదువుగా అన్నది, వసూలు చేసుకోవద్దనలేదు.

ఇక వరుస సంగతికి వద్దాం. ఒక సభలో ప్రవక్త (స)కు పానీయం తెచ్చి ఇచ్చారు. ఆయన కొంత తాగారు. కుడివైపు ఒక పిల్లవాడు, ఎడమవైపు పెద్దలు కూర్చొని ఉన్నారు. కుడివైపు వారికి ముందు ఇవ్వడం పద్ధతి. పెద్దలకు ముందు ఇవ్వవచ్చునా అని ప్రవక్త (స) ఆ పిల్లవాడి అనుమతి అడిగారు. మీ నుంచి నాకు దక్కే భాగాన్ని ఎవరికీ వదులుకోనని పిల్లవాడు స్పష్టంగా చెప్పాడు. ప్రవక్త (స) ఆ గిన్నెను అతని చేతికే ఇచ్చారు.

కాస్త ఆలోచించండి. అడుగుతున్నది దైవప్రవక్త (స). అవతల ఉన్నది వయసు మళ్లినవారు. ఇవతల ఒక పిల్లవాడు. అయినా వంతు అతనిది కాబట్టి, అతని అనుమతి లేకుండా గిన్నె పక్కకు పోలేదు. మరో సందర్భంలో కుడివైపు ఒక పల్లెటూరి అరబ్బు, ఎడమవైపు హజ్రత్ అబూబకర్ (రజి) ఉన్నారు. ముందు అబూబకర్‌కు ఇవ్వమని హజ్రత్ ఉమర్ (రజి) సూచించినా, గిన్నె ఆ పల్లెటూరి మనిషికే వెళ్లింది. ఉమ్మత్‌లో అబూబకర్ (రజి) కంటే గొప్పవారు ఎవరున్నారు? ఆయన గొప్పతనం మరొకరి వంతును తినలేదు. మనం మాత్రం టికెట్టు కిటికీ దగ్గర, లోపల తెలిసినవారు ఉన్నారని, చిన్న పనేనని, బండికి టైమైందని చెప్పి పదిమందిని దాటి పోతాం. వెనుక ఉన్న కూలి మనిషికి కూడా అదే బండి ఉండవచ్చు!

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. వరుసలో మన ముందు ఎవరినైనా జొరబడనిస్తే దాన్ని త్యాగం అనుకుంటాం. మనం వదులుకున్నది మన వంతు ఒక్కటే, కాని మన వెనుక నిలబడిన ఇరవైమంది కూడా ఒక్కో అడుగు వెనక్కి పోయారు. వారి హక్కును దానం చేసే అధికారం మనకు ఎవరిచ్చారు? చంటిబిడ్డతో ఉన్న తల్లికి, ముసలివారికి సాయం చేయాలనుకుంటే రెండు మార్గాలున్నాయి. మన చోటు వారికి ఇచ్చి మనం చివరికి వెళ్లాలి. లేదా వెనుకనున్నవారిని కూడా అడగాలి. అడిగితే కాదనేవారు అరుదు. ఎప్పుడూ జనరల్ పెట్టెలో ప్రయాణించే మా అనుభవం ఇది. ఉత్తరాదిలోని మదరసాలో చదివే రోజుల్లో సెలవులకు ఇంటికి వచ్చేటప్పుడు, కాలు పెట్టే చోటులేని పెట్టెలో కూడా అడిగితే జరిగి చోటిచ్చినవారే ఎక్కువ. వారిలో మన మతం కానివారే ఎక్కువమంది. సభల్లో ఇతరులకు చోటు కల్పించండి, అల్లాహ్ మీకు విశాలత ప్రసాదిస్తాడన్న భావం దివ్యఖుర్ఆన్‌లోని ముజాదలా సూరాలో ఉంది. దాన్ని మేము పుస్తకంలో చదివాము, వారు చేసి చూపారు.

తొక్కిసలాట మాట చెప్పకుండా ఉండలేము. 2025 ఫిబ్రవరి 15 రాత్రి న్యూఢిల్లీ రైల్వే స్టేషన్‌లో 18 మంది చనిపోయారు. 2015 సెప్టెంబరు 24న హజ్ సందర్భంగా మినాలో జరిగిన తొక్కిసలాటలో సౌదీ ప్రభుత్వ లెక్క ప్రకారమే 769 మంది మరణించారు. ఏర్పాట్లలో లోపాలు ఉంటాయి, వాటికి బాధ్యులూ ఉంటారు. మన వంతు కూడా చూసుకోవాలి కదా! హిజ్రీ 10వ సంవత్సరంలో అరఫాత్ నుంచి ముజ్దలిఫాకు జనసముద్రం కదిలినప్పుడు వెనుక ఒంటెలను అదిలిస్తున్న చప్పుడు ప్రవక్త (స) విన్నారు. ఆయన తన ఒంటె ఖస్వా పగ్గాన్ని, దాని తల జీనుకు తగిలేంతగా బిగించి పట్టుకొని, నెమ్మదిగా నడవమని కుడిచేత్తో సైగ చేశారు. పరుగులో పుణ్యం లేదని చెప్పారు. ముందు ఖాళీ కనిపించినప్పుడు మాత్రం ఒంటెను వేగంగా నడిపించారు. గుంపులో నడవడానికి ఇంతకంటే మంచి నియమం మాకు తెలియదు. గుంపు ఉంటే పగ్గం బిగించడం, ఖాళీ ఉంటే నడవడం.

నాంపల్లి హజ్‌హౌస్ దగ్గర, శంషాబాద్ విమానాశ్రయం దగ్గర ఒక్క హాజీని సాగనంపడానికి యాభైమంది వచ్చి, పూలదండలతో దారి మూసేయడం చూస్తుంటాం. హాజీ దుఆ కోసం వచ్చామంటారు. దుఆ ఇంటి దగ్గరే అడగవచ్చు. చక్రాల కుర్చీలో ఉన్న మరో హాజీ ఆ గుంపు వెనుక చిక్కుకుంటే ఆ పాపం ఎవరిది?

చివరిగా, నిరీక్షణలో నమాజు గురించి మమ్మల్ని తరచూ అడిగే ప్రశ్నలు. హనఫీ మతానుసారం ఖస్ర్ మన ఊరి జనావాసం దాటాకే మొదలవుతుంది. కాబట్టి సికింద్రాబాద్‌లో నివసించే వ్యక్తి బెంగళూరు బండి కోసం అక్కడి స్టేషన్‌లోనే నాలుగు గంటలు కూర్చుంటే, ఇషా పూర్తిగా నాలుగు రకాతులే చదవాలి. వేళ మిగిలి ఉండగానే బండి ఊరు దాటి, అప్పుడు చదివితే రెండు. శంషాబాద్ విమానాశ్రయం నగరంలో భాగమా కాదా అన్నది స్థానిక ఉలమాలను అడిగి పాటించండి. ప్లాట్‌ఫారం మీద గాని, పెట్టెలో గాని నడిచే దారిలో జానమాజ్ పరచవద్దు. దారికీ హక్కులున్నాయని ప్రవక్త (స) బోధించారు. నడుస్తున్న బండిలో వీలైతే నిలబడే, ఖిబ్లా వైపే చదవాలి. రద్దీ వల్ల అసలు కుదరకపోతే కుదిరినట్టు చదివి, తర్వాత తిరిగి చదవమని మన హనఫీ పండితుల్లో చాలామంది చెప్పారు. జుహర్‌ను చివరి వేళలో, అస్ర్‌ను మొదటి వేళలో చదివితే రెండూ దగ్గర దగ్గరగా పూర్తవుతాయి. షాఫయీ మార్గంలో ప్రయాణికుడు రెండింటినీ ఒకే వేళలో కలిపి చదవవచ్చు.

పరాయి ఊళ్లో విమానం ఈ రోజు, రేపు అంటూ వాయిదా పడుతుంటే? పదిహేను రోజులు ఉండాలన్న సంకల్పం చేసుకోనంత వరకు ఖస్ర్ కొనసాగుతుంది, అలా ఎన్ని రోజులు గడిచినా సరే. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) ఆజర్‌బైజాన్‌లో మంచు దారులు మూసేయడంతో ఆరు నెలలు ఆగిపోయారు. ఆ ఆరు నెలలూ ఆయన రెండేసి రకాతులే చదివారు.