నాటేది గుప్పెడు, దాచేది గంపెడు

అమ్మణ్ణీ! పుంగనూరులో ఇల్లు దొరికిందనీ, ఇంటి వెనక నాలుగు మడులు కట్టుకునేంత జాగా ఉందనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. బెంగుళూరులో కరివేపాకు రెబ్బ కూడా కొనుక్కుని తిన్న పిల్లవు, నీకు సొంతంగా ఇంత మట్టి దొరికిందంటే నాకు ఎంత సంబరంగా ఉందో చెప్పలేను. విత్తనాల పొట్లాలు పదిహేను రకాలు తెప్పించావట. వాటిని చించే ముందు మీ అవ్వ మాట కాస్త విను.

నువ్వు చూసే వీడియోల్లో వసంతం అంటే విత్తే కాలం. మంచు కరిగి నేల మెత్తబడే దేశాల్లో అది నిజమే. మన పడమటి మండలాల్లో, మదనపల్లె నుంచి కుప్పం దాకా, ఈ నెలల తీరు వేరు. మనకు ఎదురొచ్చేది ఏప్రిల్, మే ఎండ. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు గానీ, సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్న మదనపల్లెలో అది ఒక్కసారిగా పోదు. తెల్లవారుజామున దుప్పటి కావాలి, మధ్యాహ్నం గొడుగు కావాలి. అట్లా సాగి సాగి ఉగాది నాటికి నేల కాలుతుంది. చలికాలపు పంట ఇంటికి చేరేదీ ఇప్పుడే, ఎండాకాలానికి ఇల్లు సర్దుకోవాల్సిందీ ఇప్పుడే. అందుకే ఈ నెలన్నరా నాటేది గుప్పెడు చాలు, దాచేది గంపెడు ఉండాలి. ముందు వంటింట్లోకి పద, పెరట్లోకి తర్వాత పోదాం.

సంతలో అనపకాయలు ఇంకా కనిపిస్తున్నాయా? కనిపిస్తే ఆలస్యం చేయకు. పగటి పొద్దు తక్కువగా ఉండే చలికాలంలో పూసి కాసే పైరు అది. మన పెద్దలు రాగి చేలో సాళ్ళు సాళ్ళుగా వేసేవాళ్ళు. ఎండ ముదిరితే కాయ గిడసబారిపోతుంది. కొనేటప్పుడు కాయను వేళ్ళతో నలిపి చూడు. వేలికి జిడ్డు అంటి, కడిగినా ఆ వాసన వదలకుండా ఉంటే మంచి కాయ. గింజలు ఒలిచి రాత్రి నీళ్ళలో నానబెట్టు. పొద్దున ఒక్కో గింజనూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి నొక్కితే తోలు చేతిలో ఉండిపోతుంది, పచ్చటి పప్పు టప్పున గిన్నెలో పడుతుంది. అదే పితికిపప్పు. కిలో గింజలు ఒక్కదానివే పితకాలంటే విసుగొస్తుంది. మీ ఆయన్నీ పక్కింటి పిల్లల్నీ కూర్చోబెట్టుకో, మాటల్లోనే పని అయిపోతుంది. ధనియాలు, ఎండుమిరపకాయలు, కొంచెం చెక్కా లవంగం వేయించి, ఎర్రగడ్డ, తెల్లగడ్డ, కొబ్బరి చేర్చి మెత్తగా నూరుకో. ఆ ముద్దను నూనెలో పచ్చివాసన పోయేదాకా మగ్గించి, పప్పు వేసి నీళ్ళు పోయి. లేత పప్పు తొందరగా ఉడుకుతుంది, ఎక్కువ కలబెడితే చెదిరిపోతుంది. పులుపు వీలైనంత తగ్గించు. కమ్మదనమంతా దాని కింద అణిగిపోతుంది.

దాని పక్కన సంగటి ఉండాల్సిందే. సంగటి రాదని భయపడుతున్నావట. బియ్యం మెత్తగా ఉడికించి, నీళ్ళు ఇంకా ఉడుకుతుండగానే రాగిపిండి కుప్పగా పోసి, తెడ్డు కాడతో నడుమ ఒక బొక్క చేసి, మూతపెట్టి సన్న సెగన వదిలెయ్. కలపడానికి తొందరపడితేనే ఉండలు కడుతుంది. పిండి ఆవిరికి ఉడికి రంగు తిరిగాక దించి, గట్టిగా గెలికి, తడిచేత్తో ముద్దలు చెయ్. వంద గ్రాముల రాగుల్లో కాల్షియం దాదాపు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. మన ఇళ్ళల్లో దొరికే ధాన్యాల్లో దీనికి సాటి లేదు. పిల్లలకు బలానికని డబ్బాల్లో పొడులు కొనే ముందు ఈ మాట గుర్తుంచుకో.

ఇక దాచే పని. మన గాలి పొడిగాలి. మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో వందేళ్ళ కిందటే క్షయ రోగుల కోసం శానిటోరియం కట్టారంటే, ఈ మెట్టనేల గాలికి అప్పుడే అంత పేరు. ఆ పొడిగాలే మన మిద్దెమీద వడియాన్ని, వొరుగును గలగలలాడేలా ఎండబెడుతుంది. ఏప్రిల్ వచ్చాక సాయంత్రాల్లో గాలివానలు మొదలవుతాయి, ఉరుములకు మిద్దె ఎక్కి ఎత్తుకోవడమే సరిపోతుంది. ఇప్పుడు ఆ బాధ లేదు.

చింతపండు ఈ నెలలోనే కొను. కొత్తకాయ రాలేది ఇప్పుడే. అంగట్లో గింజ తీసిన ముద్ద కొనకుండా, నీకు తెలిసిన రైతు దగ్గర కాయగానే తీసుకో. పెంకు ఒలిచి, ఒక రోజు ఎండనిచ్చి, గింజ కొట్టి, ఈనెలు లాగెయ్. పనికిరాని ముక్క, పురుగు పట్టిన ముక్క నీ కంటికే కనిపిస్తాయి. కల్లుప్పు పొర, చింతపండు పొర వేస్తూ జాడీలో అదిమి, మూతికి గుడ్డ కట్టు. కొత్తది ఎర్రగా ఉంటుంది, ఏడాది గడిస్తే నల్లబడుతుంది. నల్లబడితే చెడిపోయిందని పారేయకు, చారుకు పాతదే మేలు. అల్యూమినియం గిన్నె మాత్రం దీని దగ్గరికి రానివ్వకు, పులుపు లోహాన్ని తింటుంది. కాయ దిగిపోయిన చెట్టుకు మార్చి నుంచి చిగురు వస్తుంది. చింతచిగురు పప్పు నేను చెప్పేదేముంది, నువ్వు చిన్నప్పుడు గిన్నె నాకినదానివి. కాస్త ఎక్కువ దొరికితే నీడన ఎండబెట్టి పొడి కొట్టి పెట్టుకో.

టమోటా మొక్కలు నాలుగు నాటుతానన్నావు. వద్దు తల్లీ. మన చుట్టుపక్కల రైతులు ఎండాకాలపు మార్కెట్టు కోసం డ్రిప్పు వేసి, మల్చింగ్ షీటు పరిచి, కట్టెలు పాతి, మందులు కొట్టి పండిస్తారు. చుట్టూ అన్ని చేలున్న ఊళ్ళో తెల్లదోమ నీ నాలుగు మొక్కల్ని వదలదు. ఆకుముడత పట్టి గిడసబారుతాయి, పగలు ఎండ మరీ ఎక్కువైతే పూత రాలుతుంది, నీ మనసు విరుగుతుంది. మొదటి ఏడాదే మనసు విరిగితే ఇక పెరటి వైపు చూడవు. మదనపల్లె నీరుగట్టువారిపల్లె మార్కెట్టు నీకు ఎంతో దూరం లేదు. 2023 జూలైలో అక్కడ కిలో రెండొందల దగ్గరికి పోయింది, మరో ఏడు అదే పండును రైతు కూలి కూడా గిట్టక రోడ్డు పక్కన పారబోశాడు. ధర దిగిన వారం ఒక బాక్సు తెచ్చుకో. నీకు ఏడాది ఊరగాయ అవుతుంది, రైతు చేతికి నాలుగు రూపాయలు పోతాయి. బేరం మాత్రం ఆడకు, ఆ వారం అసలు ఆడకు. కిలో పండుకు వంద గ్రాముల ఉప్పు, చిటికెడు పసుపు కలిపి మూడు రోజులు ఊరనిచ్చి, ముక్కలు పిండి ఎండబెట్టు. ఆ ఊటలో వంద గ్రాముల కొత్త చింతపండు నాననివ్వు. ఊటను కూడా ఒక పూట ఎండకు పెట్టి, తర్వాత అన్నీ కలిపి రుబ్బుకోవాలి. కారం, మెంతిపొడి కలిపి, చల్లారిన తిరగవాత పోసెయ్. మిగిలిన పండ్లు చక్రాల్లా కోసి ఉప్పు చల్లి ఆరేస్తే వొరుగులవుతాయి. ధర ఆకాశానికెక్కిన నెలలో పప్పులో నాలుగు వొరుగులు వేసుకుని హాయిగా తినొచ్చు.

నీ ఉద్యోగం కుప్పంలో గదా. మధ్యాహ్నం తోటివాళ్ళ క్యారియర్లు తెరిచినప్పుడు చూడు. మూడు రాష్ట్రాలు కలిసే చోటు అది. తెలుగు, తమిళం, కన్నడం మాటల్లో ఎట్లా కలిసిపోయాయో వంటల్లోనూ అట్లాగే కలిశాయి. వాళ్ళు బస్సారు అని ఒకటి చేస్తారు, అడిగి నేర్చుకో. ఆకుకూరా గింజలూ కలిపి ఉడికించి నీళ్ళు వంచుతారు. వంచిన నీళ్ళు, నూరిన మసాలా, చింతపులుసు కలిసి చారు. ఉడికిన ఆకూ గింజలూ తిరగవాత పెడితే తాళింపు కూర. ఒక్క పొయ్యి మీద రెండు వంటలు, బొట్టు నీరు పారబోసేది లేదు. నీళ్ళకు కటకటలాడిన సీమలో ఆడవాళ్ళు కనిపెట్టిన తెలివి అది, దానికి నేను ఎప్పుడూ దండం పెడతాను.

ఇప్పుడు పెరట్లోకి. మొక్కలు ఎన్ని అని అడగకు, నీళ్ళు ఎన్ని అని అడుగు. మన బోర్లు ఎండాకాలంలో ఏ రోజు ఒట్టిపోతాయో చెప్పలేం. బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయలు కడిగిన నీళ్ళు రోజుకు రెండు బిందెలు వస్తాయనుకో. ఆ రెండు బిందెలతో మే నెల దాటగలిగినవే ఇప్పుడు నాటు. సబ్బు నీళ్ళు ఆకుకూరకు పోయకు, జాలారి పక్కన ఒక అరటి పిలక పెట్టి దానికి పోనియ్. తోటకూర ఒక మడి చల్లు, ఇరవై అయిదు రోజుల్లో కోతకొస్తుంది. మునక్కొమ్మ ఒకటి పాతు. పుదీనా నీడ తగిలే మూల పెట్టు. కొత్తిమీర ఇప్పుడు విత్తితే ఎండకు ఆకు పెట్టక ముందే పూతకెక్కుతుంది. పాత ఇంటివాళ్ళు వదిలిపోయిన మడి ఉందన్నావు, దాన్ని పీకకుండా ధనియాలకు వదిలెయ్. మిగతా పొట్లాలు బూడిద కలిపి డబ్బాలో పెట్టి మూతపెట్టు. తొలకరికి వాటి పని పడుతుంది.

బీర, సొర మాత్రం తప్పకుండా పెట్టు. పలమనేరు కుండలకు పేరున్న ఊరు, బస్సు దిగితే దొరుకుతాయి. రంగు పూయని మట్టికుండలు రెండు తెచ్చి, మూతి పైకి కనిపించేలా మెడ దాకా పూడ్చిపెట్టి, చుట్టూ నాలుగేసి గింజలు వెయ్. కుండ నింపి మూకుడు మూసిపెడితే నీరు మట్టిలోంచి మెల్లగా ఊరుతుంది, వేరు తానే కుండను వెతుక్కుంటూ పోతుంది. పైన పోసే నీళ్ళలో సగం ఎండ తాగేస్తుంది, ఇందులో ఆ నష్టం ఉండదు. నేల మీద రాలిన ఆకు మందంగా పరుచు. ఈ నెలల్లో కానుగ, వేప, రావి అన్నీ ఆకు రాలుస్తాయి. జనం ఊడ్చి తగలబెడతారు, నువ్వు గోనెసంచి పట్టుకుపోయి తెచ్చుకో. మదనపల్లె దగ్గర రిషివ్యాలీలో బోడికొండల్ని ఏళ్ళ తరబడి చెట్లు నాటి, వాన నీటిని నిలబెట్టి పచ్చగా చేశారు. అక్కడ ఒకసారి తిరిగిరా, ఆకు కప్పిన మట్టి ఎట్లా ఉంటుందో చేత్తో పట్టి చూడు.

తీగ పందిరెక్కాక పూలు బోలెడు పూసి కాయ నిలవలేదని బెంగపడతావు. ఎండ, పగటి పొద్దు పెరిగేకొద్దీ ఈ తీగలు మగపూలే ఎక్కువ పూస్తాయి. వెనక పిందె ఉన్నది ఆడపువ్వు, ఒట్టి కాడ ఉన్నది మగది. బీర, సొర పూలు విచ్చుకునేది సాయంత్రం. ఆఫీసు నుంచి వచ్చి కాఫీ తాగాక పందిరి కిందికి పో. మగపువ్వు ఒకటి తుంచి, రేకులు వెనక్కి మడిచి, ఆడపువ్వు నడుమ మెత్తగా అద్దు. నాలుగైదు రోజుల్లో పిందె లావెక్కితే నిలిచినట్టే.

పుంగనూరు ఆవును కొంటానని మీ ఆయన సరదాపడుతున్నాడట. 2024 సంక్రాంతికి ఢిల్లీలో ప్రధాని తన ఇంట్లో వాటికి మేత పెట్టిన ఫొటోలు చూశాక అందరికీ ఆ మోజు పట్టింది. అందమైన జీవి, కాదనను. డెబ్బై నుంచి తొంభై సెంటీమీటర్ల ఎత్తు, పాలల్లో వెన్న 8 శాతం దాకా. ఆ జాతి అంతరించిపోకుండా పలమనేరు పశు పరిశోధన కేంద్రం ఏళ్ళుగా కాపాడుతూ వస్తోంది. కానీ పగలంతా తాళం వేసిన ఇంట్లో ఒంటిగా కట్టేసిన ఆవు బెంగ పెట్టుకుంటుంది. మీరిద్దరూ ఇంట్లో ఉండే రోజులొచ్చినప్పుడు ఆలోచించండి. ఇప్పటికి ఆవులున్న ఇంటినుంచి పేడ తెచ్చుకుంటే చాలు. పచ్చిపేడ నేరుగా వేయకు, చెద పడుతుంది. గుంతలో వేసి మాగి పొడిపొడి అయ్యాక మడికి వెయ్.

వేపపువ్వు రాలే రోజుల్లో రాత్రి చెట్టు కింద పాత చీర పరిచి పొద్దున్నే ఏరుకో. ఉగాది పచ్చడికి పోను మిగిలింది నీడన ఎండబెట్టి సీసాలో పోసుకుంటే, నేతిలో వేయించి ఏడాది పొడుగునా చారులో వేసుకోవచ్చు. పచ్చడికి మామిడి కొనొద్దు, గాలికి రాలిన బెంగుళూర రకం పిందెలు పక్క తోటలో అడిగితే ఇస్తారు.

విత్తనం సంగతి ఒకటి మిగిలింది. పొట్లాల మీద హైబ్రిడ్ అని ఉన్నవాటి గింజ దాచినా తల్లిలాగా కాయదు. నా దగ్గర మా అత్త కాలం నుంచి వస్తున్న నాటు బీర ఉంది, చూరుకు వేలాడదీసిన ఎండుకాయలోనే గింజ పెట్టి ఉంచాను. ఉగాదికి నాలుగు రోజులు ముందే వస్తాను, అది తెస్తాను. నువ్వు ఈలోగా కుండలు పూడ్చి, పందిరికి గుంజలు పాతించి ఉంచు. చింతపండు కొట్టే పని కొంచెం నాకోసం మిగిల్చిపెట్టు, ఇద్దరం కూర్చుని కొడదాం.