చితుకులు

ఆ ఆదివారం ఉక్కునగరంలో మా క్వార్టర్ ముందు కూర్చుని మనవరాలితో పుల్లల బొమ్మలు చేయిస్తున్నాను. వేపపుల్లల నిచ్చెన, సరుగుడు కాయల పిట్ట. పిల్ల టీవీ వదిలి చెట్ల కిందకి వచ్చిందని నా సంబరం. రాలిన పుల్లలు అయిపోయాయి. పిల్ల లేచి గోడవార మోపులోంచి నున్నటివి నాలుగు లాగింది. అది వీధి ఊడ్చే ఆమె ఏరి పెట్టుకున్న మోపు. గ్యాస్ వంటకే సరిపోతుంది, నీళ్ళకి చితుకులే.

"పోన్లెండమ్మా, పిల్ల కదా" అందామె.

దాన్ని అనుమతి అనుకున్నాను. కాదనే వీలు ఆమెకి ఎక్కడుంది? 1971లో శంకుస్థాపన జరిగిన ఈ కర్మాగారం కోసం ఖాళీ అయిన ఊళ్ళలో ఆమె అత్తవారిదీ ఒకటి. మా పిల్ల ఏరితే సృజన, ఆమె ఏరితే పేదరికం! ఏటికొప్పాకలో అంకుడు కర్రతో చేసే బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది, మంచిదే. పొయ్యికి పుల్లలేరే చేతుల పని ఏ లెక్కలో ఉంది?

నిచ్చెన విప్పుదామంటే పిల్ల ఏడ్చింది. మర్నాడు ఇద్దరం పుల్లలేరి ఆమెకిచ్చాం. విరిచి చూసి నవ్వింది.

"పచ్చియమ్మా ఇవి, మండవు."