పంక్తిలో పరదేశి, గట్టు మీద కూలి

వ్యవసాయ డిగ్రీ చివరి ఏడాదిలో విద్యార్థులు కొన్నాళ్లు పల్లెలో మకాం వేసి, తమకు కేటాయించిన రైతు వెంట తిరుగుతూ పని నేర్చుకుంటారు. కాలేజీల్లో దీన్ని రావెప్ అంటారు. భారత వ్యవసాయ పరిశోధన మండలి ద్వారా ఆఫ్ఘనిస్థాన్ నుంచీ ఆఫ్రికా దేశాల నుంచీ వచ్చి మన వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో చదివేవాళ్లూ ఉన్నారు.

అలాంటి కుర్రాడొకడు ఒంగోలు పక్క పల్లెలో, జొన్న పండించే ఇంట్లో దిగాడనుకుందాం. ఇంటి పెద్దావిడ పీట వేసి, గోంగూర పచ్చడిలో నెయ్యి వడ్డించి, కారమైతే మజ్జిగ పోసుకోమని కొసరుతుంది. ఆ పూటే కంకులు కోయడానికి వచ్చిన ఆడకూలీలు ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకున్న క్యారేజీలు గట్టు మీద విప్పుకుంటారు. ఇద్దరూ ఆ ఇంటి గింజ కోసం వచ్చినవాళ్లే. మరి అతిథి దేవుడని చెప్పిన ధర్మం ఎవరి గురించి చెప్పినట్టు?

శాస్త్రాలను అడిగితే రెండు జవాబులొస్తాయి. తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లి అతిథిని తల్లి, తండ్రి, గురువుల సరసన నిలిపింది. భృగువల్లి ఇంకా ముందుకెళ్లింది: బస కోరి వచ్చినవాణ్ని ఎవరినీ కాదనకపోవడం వ్రతమంది, అందుకోసమే అన్నం విస్తారంగా సంపాదించమంది. మనుస్మృతి మూడో అధ్యాయం మాత్రం లెక్కలు వేసింది. ఒక్క రాత్రి ఉండేవాడే అతిథి. బ్రాహ్మణుడి ఇంటికి క్షత్రియుడొస్తే అతిథి కాడు. వైశ్య శూద్రులొస్తే పనివాళ్లతో కలిపి పెట్టాలి. ఈ లెక్కన నెలల తరబడి ఉండే విద్యార్థి అసలు అతిథే కాడు.

అయినా అతనికి తలుపు తెరుచుకుంటుంది. రంగు చూసి చులకన చేసేవాళ్లు లేకపోలేదు గానీ, అతని కులమేమిటో ఊరికి తెలియదు. ఏ మెట్టు మీద నిలబెట్టాలో తెలియనివాణ్ని పక్కన కూర్చోబెట్టుకోవడం తేలిక.

ఒంగోలు ఈ సంగతి చాలాకాలం కిందటే చూసింది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఇక్కడికొచ్చాడు. ఆయన బడికి పై కులాల వాళ్లు తమ పిల్లల్ని పంపారు. మాదిగలు క్రైస్తవంలోకి రావడం మొదలయ్యాక, వాళ్లను చేర్చుకోవద్దని పట్టుబట్టారు. ఆయన వినకపోయేసరికి పిల్లల్ని మానిపించేశారు. సముద్రాలు దాటి వచ్చిన దొరతో వాళ్లకు పేచీ లేదు. పేచీ అంతా ఊరి చివరి గూడెంతోనే.

మనువు పాఠం పాతబడిందని కొట్టేయవచ్చు. కానీ భృగువల్లి మాటను ఒప్పుకుంటే ఇంకో చిక్కు మిగులుతుంది. ఆతిథ్యం వ్రతమైనప్పుడు, దాన్ని ఆచరించే అవకాశం పొలమూ మిద్దే ఉన్నవాళ్లకేనా? అమెరికాలో 1948లో మొదలైన రైతు యువజన మార్పిడి పథకంలో అతిథులు రైతు కుటుంబాలతో కలిసి పనీ చేసేవారు. ఇక్కడ విద్యార్థి కొడవలి పడితే పగలంతా కూలీల మధ్యే గడుస్తుంది. అలాంటప్పుడు బసలో కొన్ని రోజులు కౌలు రైతు ఇంటికీ, గూడెంలో కూలి ఇంటికీ కేటాయించవచ్చు. మంచం ఇరుకని ముందే తేల్చేయకుండా, పెడతారా అని కాలేజీవాళ్లు ఆ ఇంటివాళ్లనే అడగాలి.